వార్డు నుంచి లోక్‌సభకు: గంజాం, గజపతి తెలుగు కౌన్సిలర్లు ఎలా సిద్ధం కావాలి

మీరు ఒడిశాలోని బరంపురంలో కార్పొరేటర్ కావచ్చు. పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో కౌన్సిలర్ కావచ్చు. కాశీనగర్, గోపాల్‌పూర్ లాంటి చిన్న ఊళ్లో ఎన్‌ఏసీ (నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్) వార్డు చూస్తూ ఉండవచ్చు. పొద్దున్నే గుమ్మం ముందు నలుగురు నిలబడతారు. ఒకరికి కాలువ పొంగింది, ఇంకొకరికి పింఛను ఆగింది, మరొకరికి జనన ధ్రువపత్రంలో పేరు తప్పు పడింది. ఈ పనులన్నీ చేయించగలిగిన మనిషికి ఎప్పుడో ఒకప్పుడు ఢిల్లీ ఆలోచన వస్తుంది. వస్తే పక్కన పెట్టకండి. కాకపోతే అది ఎన్నికల నోటిఫికేషన్ వచ్చాక మొదలుపెట్టే పని కాదు. ఒక పూర్తి ఐదేళ్లు చేతిలో పెట్టుకుని మొదలుపెట్టాలి. ఆ ఐదేళ్లలో ఏ పని ముందు, ఏ పని తరువాత అన్నది ఇక్కడ రాస్తున్నాను. బరంపురం లోక్‌సభ సీటునే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, కోరాపుట్ సీటులోని రాయగడ, జయపురం వాళ్లకు తేడా ఉన్న చోట అది కూడా చెప్తాను.

"మనకెందుకులే, అదంతా రాజుల కుటుంబాలకి, డబ్బున్నవాళ్లకి" అని ముందు ఇంట్లోవాళ్లే అంటారు. వాళ్లకు ఈ సంగతులు చెప్పండి. ద్రౌపది ముర్ము 1997లో రాయరంగపూర్‌లో కౌన్సిలర్. 2000లో ఎమ్మెల్యే అయ్యారు, తరువాత మంత్రి అయ్యారు, 2009లో మయూర్‌భంజ్ నుంచి లోక్‌సభకు నిలబడి ఓడిపోయారు. 2022లో రాష్ట్రపతి అయ్యారు. మన పక్క సీటు అస్కాలో 2019లో గెలిచిన ప్రమీలా బిసోయి స్వయం సహాయక సంఘం నుంచి వచ్చిన పల్లెటూరి మనిషి. ఆమె మెజారిటీ రెండు లక్షలు దాటింది. పుణెలో కార్పొరేటర్‌గా ఉండి మేయర్ అయిన మురళీధర్ మొహోల్ 2024లో ఎంపీగా గెలిచి కేంద్రంలో సహాయమంత్రి కూడా అయ్యారు.

తెలుగువాడికి ఒడిశాలో ఎవరు ఓటేస్తారు అనేవాళ్లకు 1996 గుర్తు చేయండి. పి.వి. నరసింహారావు నంద్యాలలోనూ బరంపురంలోనూ గెలిచి, నంద్యాలను వదులుకుని బరంపురం సీటు ఉంచుకున్నారు. ఆయన అప్పుడు దేశ ప్రధాని, మీరు ఒక వార్డు కౌన్సిలర్, నిజమే. కానీ ఈ సీటు ఓటరు భాష పేరు చెప్పి తలుపు వేసే రకం కాదని మాత్రం తెలుస్తుంది.

ముందు మీ కాగితాలు

వయసు 25 నిండాలి, దేశంలో ఎక్కడో ఒక లోక్‌సభ నియోజకవర్గంలో ఓటరై ఉండాలి. ఈ రెండూ తేలికే. మన సరిహద్దువాళ్లకు అసలు చిక్కు ఓటరు జాబితాలోనే ఉంటుంది. ఇచ్ఛాపురంలో అమ్మగారిల్లు, బరంపురంలో అత్తగారిల్లు. పాతపట్నంలో పొలం, పర్లాకిమిడిలో ఇల్లు. ఇలాంటి కుటుంబాల్లో పేరు రెండు చోట్లా ఉండిపోవడం మామూలే. రెండు చోట్ల ఓటు ఉండటం చట్టరీత్యా తప్పు. వార్డు ఎన్నికల్లో ఎవరూ పట్టించుకోకపోవచ్చు, ఎంపీకి నిలబడితే మాత్రం అవతలి పార్టీ లాయర్ మొదట వెతికేది అదే. ఈ వారమే ఆన్‌లైన్‌లో రెండు రాష్ట్రాల జాబితాలూ చూడండి. మీ పేరే కాదు, భార్యది లేదా భర్తది, పిల్లలవి కూడా. ఉండకూడని చోట ఫారం 7 పెట్టి తీయించేయండి, ఆ రసీదు దాచుకోండి.

రెండోది కులం సర్టిఫికెట్. కోరాపుట్, నవరంగపూర్ లోక్‌సభ సీట్లు ఎస్టీలకు రిజర్వు అయినవి. కొన్ని కులాలు, తెగలు ఆంధ్రలో ఒక జాబితాలో, ఒడిశాలో ఇంకో జాబితాలో ఉంటాయి కదా, దాంతో చాలామంది "మనకు చెల్లదు" అనుకుని ఆగిపోతారు. లోక్‌సభకు చట్టం వేరుగా ఉంది. అస్సాంలోని కొన్ని ప్రాంతాలు మినహా, ఏ రాష్ట్రంలో ఎస్టీ అయినా ఇంకో రాష్ట్రంలోని ఎస్టీ లోక్‌సభ సీటుకు పోటీ చేయవచ్చు. అసెంబ్లీకి అలా కుదరదు, అక్కడ ఆ రాష్ట్రపు జాబితాలోనే ఉండాలి. బరంపురం జనరల్ సీటు కాబట్టి అక్కడ ఈ ప్రశ్న రాదు.

మూడోది బకాయిలు. నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్‌లో ఇంటి పన్ను, నీటి పన్ను, ఆదాయపు పన్ను, జీఎస్టీ బకాయిలు అన్నీ రాయాలి. గడిచిన పదేళ్లలో ప్రభుత్వ క్వార్టర్‌లో ఉండి ఉంటే అద్దె, కరెంటు, నీళ్లు, ఫోన్‌లకు నో డ్యూ సర్టిఫికెట్ కావాలి. మీ మున్సిపాలిటీలో మీ ఇంటి పన్నే బాకీ ఉందని పేపర్లో వస్తే, వార్డులో మీరు చేసిన మంచి అంతా పక్కకు పోతుంది. మీకు కాంట్రాక్టు వ్యాపారం ఉంటే, కేంద్ర ప్రభుత్వంతో నడుస్తున్న సరుకు సరఫరా లేదా పనుల కాంట్రాక్టు ఏదీ నామినేషన్ నాటికి మీ పేరున మిగలకుండా చూసుకోండి. దాని మీద అనర్హత వేటు పడుతుంది.

సీటును కాలితో కొలవండి

బరంపురం కార్పొరేషన్‌లో 42 వార్డులు, 2011 లెక్కల ప్రకారం మూడున్నర లక్షల జనాభా. అంటే వార్డుకు సగటున ఎనిమిది వేల పైచిలుకు మనుషులు. లోక్‌సభ సీటుకు వస్తే ఓటర్లే 15 లక్షల పైచిలుకు. ఛత్రపూర్, గోపాల్‌పూర్, బరంపురం, దిగపహండి, చికిటి, మోహన, పర్లాకిమిడి, ఈ ఏడు అసెంబ్లీలూ కలిస్తే మీ సీటు. బరంపురం పట్నం అందులో ఒక్క ముక్క.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఊళ్లో నలుగురూ నమస్కారం పెడుతుంటే సీటంతా తెలిసినట్టే అనిపిస్తుంది. మోహన కొండల్లో సవర, కంధ గ్రామాలవాళ్లకు మీ పేరే తెలియదు. ఛత్రపూర్ తీరంలో వలలు లాగే మన తెలుగు మత్స్యకారులకు మీరు పట్నం మనిషి. దిగపహండి, చికిటి రైతుకు మీరు బజారు మనిషి. పర్లాకిమిడికి బరంపురమే దూరం. అందుకని మొదటి రెండేళ్లు ఓటు అడగకుండా తిరగండి. నెలకు ఒక అసెంబ్లీ పెట్టుకోండి. వెళ్లినప్పుడు మీటింగ్ పెట్టకండి. బ్లాకు ఆఫీసు దగ్గర, వారపు సంతలో, రేషన్ దుకాణం క్యూలో కూర్చుంటే చాలు. విన్న ప్రతి సమస్య పక్కన అది పంచాయతీదా, రాష్ట్రానిదా, కేంద్రానిదా అని రాసుకోండి. రెండేళ్లకు ఆ నోట్‌బుక్కే మీ మేనిఫెస్టో అవుతుంది.

ఒడిశాలో 2004 నుంచి అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకేసారి ఎన్నికలు జరుగుతున్నాయి. ఓటరు ఒకే గదిలో రెండు మిషన్ల మీద నొక్కుతాడు. ఎంపీ అభ్యర్థి తన బలంతోనే గెలవడం కష్టం, ఏడుగురు ఎమ్మెల్యే అభ్యర్థులు తమతో పాటు ఎంపీ ఓటు కూడా అడగాలి. వాళ్లు అడగాలంటే వాళ్లకు మీరు పోటీ అనిపించకూడదు. "నాకు అసెంబ్లీ టికెట్ వద్దు" అని మొదటి రోజే తేల్చి చెప్పండి, చెప్పిన మాట మీద ఉండండి. నా లెక్కలో కౌన్సిలర్‌కు ఇదే పెద్ద ఆయుధం. ఎమ్మెల్యే కుర్చీ మీద కన్నేసిన కౌన్సిలర్‌ను ప్రతి ఎమ్మెల్యే తొక్కేయాలని చూస్తాడు. ఎంపీకి వెళ్లే మనిషంటే వాళ్లకు భయం ఉండదు.

జనాభా లెక్కల తరువాత జరగబోయే నియోజకవర్గాల పునర్విభజనలో సరిహద్దులు మారవచ్చు. అప్పుడు ఏ బ్లాకు ఏ సీటులోకి వెళ్తుందో కమిషన్ ముసాయిదా వచ్చిన రోజే చదవాలి. అభ్యంతరాలు చెప్పే గడువు కొద్ది రోజులే ఉంటుంది. మహిళలకు మూడోవంతు సీట్లు ఇచ్చే 2023 రాజ్యాంగ సవరణ కూడా ఆ పునర్విభజనతోనే ముడిపడి ఉంది. మన మహిళా కౌన్సిలర్లు ఇప్పటి నుంచే తయారు కావాలని నా గట్టి కోరిక.

కాలువ నుంచి కేంద్రానికి

వార్డులో మీ పేరు కాలువ మీద, లైటు మీద నిలబడింది. ఎంపీ పని వేరు. ఎంపీ చట్టాలు చేస్తాడు, ప్రశ్నలు అడుగుతాడు, కేంద్రం డబ్బు తన జిల్లాకు రప్పిస్తాడు. ఏడాదికి 5 కోట్ల ఎంపీ నిధులు ఉంటాయి కానీ అవి ఆయన జేబులోకి రావు. ఆయన సిఫారసు చేస్తే జిల్లా యంత్రాంగం ఖర్చు పెడుతుంది. ఏడు అసెంబ్లీలకు పంచితే అది ఎంతో కాదు. కాబట్టి మూడో ఏడు నుంచి కేంద్రం చేతిలో ఉన్న మూడు నాలుగు విషయాలు పట్టుకుని, వాటి మీద మాట్లాడే మనిషిగా పేరు తెచ్చుకోండి.

రైలు ఒకటి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లోనే గజపతి రాజులు చిన్న రైలు వేయించారు. అదే లైను గుణుపురం దాకా సాగి, ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయింది. గుణుపురం నుంచి తేరుబలి దాకా 73 కిలోమీటర్ల కొత్త లైనుకు 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకుంది. మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం లైనుకు కూడా అదే రోజు అనుమతి వచ్చింది. భూసేకరణ ఎక్కడ దాకా వచ్చింది, బడ్జెట్‌లో ఎంత పెట్టారు అని ఏటా ఫిబ్రవరిలో రైల్వే పింక్ బుక్ (ఏ పనికి ఎంత కేటాయించారో చెప్పే పుస్తకం) చూసి ఊళ్లో చెప్పండి. ఎంపీ కాకముందే ఆ పని చేసే మనిషిని జనం గుర్తుపెట్టుకుంటారు.

తీరం రెండోది. గోపాల్‌పూర్ నుంచి ఛత్రపూర్ దాకా తీరం వెంట ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడుతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా వేట బంద్. రుషికుల్య ముఖద్వారం దగ్గర తాబేళ్ల కోసం నవంబర్ నుంచి మే నెలాఖరు దాకా మరో ఆంక్ష. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా చేపల వేట రాష్ట్రం చేతిలో ఉంటుంది, అది దాటితే కేంద్రం. ఎవరిని ఏం అడగాలో ఈ గీత చెప్తుంది. తీరానికి వెళ్లి మాటిచ్చేముందు దాన్ని మనసులో పెట్టుకోండి.

సూరత్ మూడోది. గంజాం మగ్గాల మనుషులు, కూలీలు అక్కడే ఉన్నారు. పోలింగ్‌కు వాళ్లు రాకపోతే ఏ బూత్ లెక్కా కుదరదు. రైళ్ల రద్దీ, అక్కడి వసతి, ప్రమాదం జరిగితే పరిహారం, ఇవన్నీ పార్లమెంటులో అడగదగ్గవే. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి కేంద్రంలో కార్మికమంత్రి అయ్యారు. కూలీల గోడు ఢిల్లీలో చెప్పడం మన నేలకు కొత్త కాదు.

ఇక తెలుగు బడులు. పిల్లలకు ప్రాథమిక చదువు మాతృభాషలో అందేలా చూడాలని రాజ్యాంగం 350ఎ అధికరణ చెప్తుంది. భాషా అల్పసంఖ్యాకుల కోసం 350బి కింద కేంద్రం ఒక కమిషనర్‌ను పెట్టింది. టీచర్ పోస్టు ఖాళీగా ఉన్న తెలుగు బడి మీ వార్డులో ఉంటే, ఆ కమిషనర్‌కు ఫిర్యాదు రాయడానికి ఎంపీ కానవసరం లేదు. కౌన్సిలర్ లెటర్‌హెడ్ మీద ఇప్పుడే రాయండి.

"నువ్వు ఏ వైపు?" అన్న ప్రశ్న

ఇది తప్పకుండా వస్తుంది. వంశధార మీద అడుగుతారు, పోలవరం మీద అడుగుతారు, పొట్టంగి వైపు వెళ్తే రెండు రాష్ట్రాలూ తమవే అనే కొటియా ఊళ్ల మీద అడుగుతారు. తెలుగు ఇంటిపేరు వినగానే "మీరు ఆంధ్ర పక్షమేనా" అని ఎదురుగానే అడుగుతారు. తడబడితే అక్కడితో అయిపోతుంది.

మీ జవాబు ముందే తయారుగా, ఒడియాలో, కాగితం చూడకుండా చెప్పేలా ఉండాలి. వంశధారనే తీసుకోండి. ట్రిబ్యునల్ 2017లో తీర్పు ఇచ్చింది. నీళ్లు చెరి సగం అని, నేరడి దగ్గర బ్యారేజీ కట్టుకోవచ్చని చెప్పింది. బ్యారేజీకి ఒడిశా వైపు కొంత భూమి కావాలి. మీరు చెప్పాల్సింది ఇంతే: "నేను గజపతి జిల్లా మనిషిని. భూమి పోయే మా రైతుకు పరిహారం ఎంత, మా వైపు పొలానికి నీరు ఎప్పుడు, అదే అడుగుతాను." రెండు రాష్ట్రాల మధ్య తీర్పరిగా మారకండి. మీ సీటు మనుషుల తరఫున మాట్లాడండి. ఆంధ్ర టీవీకి ఒక మాట, ఒడియా టీవీకి ఒక మాట చెప్తే సాయంత్రానికల్లా రెండు క్లిప్పులూ పక్కపక్కన పెట్టి వాట్సాప్‌లో తిప్పుతారు.

ఒడియా మాట్లాడటం మీకు వచ్చే ఉంటుంది. చదవడం, రాయడం, మైకు ముందు గంటసేపు మాట్లాడటం వేరే విద్య. ఒక మంచి మాస్టారిని పెట్టుకుని ఏడాది కూర్చోండి. మోహన వైపు పని ఉంటే సవర మాటలు కూడా కొన్ని నేర్చుకోండి. గెలిచాక లోక్‌సభలో ఒడియాలోనూ మాట్లాడవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. ముందుగా చెప్తే అనువాదం ఏర్పాటు చేస్తారు.

బూత్‌లు, టికెట్

సీటు మొత్తం మీద పదిహేను వందలు దాటిన బూత్‌లు ఉంటాయి. వార్డులో మీరు చేసిన పద్ధతే ఇక్కడా పనికొస్తుంది: బూత్‌కు ఒక నమ్మకమైన మనిషి, అతని దగ్గర ఓటరు జాబితా ప్రింటు, పోయినవాళ్ల పేర్లు, పెళ్లై వెళ్లినవాళ్లు, కొత్తగా 18 నిండినవాళ్లు. అయితే ఈసారి ఆ మనుషులు మీవాళ్లు కారు, పార్టీవాళ్లు. వాళ్ల ఇంట్లో పెళ్లికి, చావుకు మీరు వెళ్లి ఉండాలి.

పోలింగ్ నాటికి ఇచ్ఛాపురం నుంచి బంధువులు వచ్చి సాయం చేస్తారని నమ్ముకోకండి. 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న, రెండుసార్లూ బరంపురం, కోరాపుట్‌లకు ఆంధ్రతో కలిపి ఒకే రోజు పోలింగ్ జరిగింది. ప్రచారం ముగిసిన దగ్గర నుంచి బయటి నియోజకవర్గపు కార్యకర్తలు ఊళ్లో ఉండకూడదు కూడా.

టికెట్ సంగతి చిన్నగానే చెప్తాను. జాతీయ పార్టీలు ఎంపీ టికెట్ ఢిల్లీలో తేలుస్తాయి, బీజేడీ భువనేశ్వర్‌లో. జిల్లా అధ్యక్షుడి సిఫారసు లేకుండా పేరు పైకి వెళ్లదు, ఆయన సిఫారసు ఒక్కదానితో పని కాదు. సర్వే చేసేవాళ్లు ఫోన్ చేసినప్పుడు ఏడు అసెంబ్లీల్లోనూ ఎవరో ఒకరు మీ పేరు చెప్పాలి. మొదటి రెండేళ్లు తిరిగింది అక్కడే అక్కరకొస్తుంది. టికెట్ కోసం డబ్బు అడిగే దళారి తగిలితే ఆ గదిలోంచి లేచి వచ్చేయండి.

నామినేషన్ రోజు

కౌన్సిలర్ పదవికి రాజీనామా చేస్తేనే నామినేషన్ వేయాలన్న షరతు ప్రజాప్రాతినిధ్య చట్టంలో లేదు. నామినేషన్‌కు ఫారం 2ఎ, అఫిడవిట్‌కు ఫారం 26, పార్టీ నుంచి ఎ ఫారం, బీ ఫారం. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థిని ఒక్క ఓటరు ప్రతిపాదిస్తే చాలు, ఇండిపెండెంట్‌కు పదిమంది కావాలి. వాళ్లంతా ఆ సీటు ఓటర్లే అయి ఉండాలి. డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 12,500. చెల్లిన ఓట్లలో ఆరోవంతు దాటకపోతే అది గల్లంతు.

ఫారం 26ను మీరే కూర్చుని పూర్తిగా చదవండి. స్కూటర్ దగ్గర నుంచి బంగారం దాకా, మీవీ, మీ భార్య లేదా భర్తవీ, మీ మీద ఆధారపడ్డవాళ్లవీ రాయాలి. వర్తించని గడిలో "లేదు" అనో "వర్తించదు" అనో రాయాలి, గీత పెట్టకూడదు, ఖాళీ వదలకూడదు. గడి ఖాళీగా ఉంటే రిటర్నింగ్ అధికారి నోటీసు ఇస్తారు, అప్పటికీ నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చు. ధర్నాలో పెట్టిన చిన్న కేసైనా సరే రాయండి. పెండింగ్ కేసులుంటే పేపర్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి. నాలుగు సెట్ల దాకా దాఖలు చేయవచ్చు కాబట్టి కనీసం రెండు వేయండి. చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటలకు గడువు ముగుస్తుంది. చివరి రోజు దాకా ఉంచకండి. ప్రమాణం చేయడం మర్చిపోయి నామినేషన్ పోగొట్టుకోకండి, అది పరిశీలన తేదీకి ముందే అయిపోవాలి.

డబ్బు, లెక్క

ఒడిశాలో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు ఎన్నికల కోసమే ఒక బ్యాంకు ఖాతా తెరవాలి. ఖర్చంతా దానిలోంచే వెళ్లాలి. ఒక మనిషికి పది వేలకు మించి నగదు ఇవ్వకూడదు. మీకు ఇచ్చే రిజిస్టర్‌లో మూడు రంగుల పేజీలు ఉంటాయి: రోజువారీ ఖర్చుకు తెలుపు, నగదుకు గులాబి, బ్యాంకుకు పసుపు. ప్రచారంలో కనీసం మూడుసార్లు ఎన్నికల సంఘం పంపే ఖర్చుల పరిశీలకుడికి చూపించాలి. టెంటు అద్దె, డీజిల్, టిఫిన్లు ఏ రోజువి ఆ రాత్రే ఎక్కించే ఒక అకౌంటెంట్‌ను మొదటి రోజు నుంచి పక్కన పెట్టుకోండి. కుటుంబ సభ్యుడు వద్దు, మొహమాటం లేకుండా బిల్లు అడిగే మనిషి కావాలి.

పోలింగ్ ముగిసే వేళ ప్రతి ఏజెంటూ ఫారం 17సి నకలు సంతకంతో తీసుకుని రావాలి. ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో అందులో ఉంటుంది. కౌంటింగ్ రోజు మిషన్ చూపించే అంకెను దానితో సరిచూస్తారు. ఆ నకళ్లన్నీ ఆ రాత్రే అసెంబ్లీవారీగా ఒకచోట చేరేలా ముందే మనిషిని, బండిని ఏర్పాటు చేసుకోండి.

గెలిచినా ఓడినా ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడినవాళ్లు చాలామంది నిరాశలో ఇది వదిలేస్తారు. ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్ల అనర్హత వేయవచ్చు, మళ్లీ మునిసిపల్ ఎన్నికకూ అడ్డం కావచ్చు. లెక్క ఇచ్చి రసీదు తీసుకుని ఫైల్లో పెట్టండి. మరుసటి రోజు పొద్దున్న మీ గుమ్మం ముందు నిలబడ్డ నలుగురి పనులు చూడండి. ఆ వారంలోనే ఏడు అసెంబ్లీల నోట్‌బుక్ తీసి, బూత్‌వారీగా పడిన ఓట్లు పక్కన రాసుకోవడం మొదలుపెట్టండి.